లిటిల్ విచ్ అకాడెమియాను ఎలా చూడాలి

మంత్రగత్తెల బడి కథ అనగానే చాలామంది మనసులో ఒక బొమ్మ ముందే గీసి ఉంటుంది: పాతకాలపు కోట, పొడవాటి టోపీలు, చీపుర్ల మీద విహారం, తనలో అందరినీ మించిన శక్తి దాగి ఉందని కాస్త ఆలస్యంగా తెలుసుకునే అమ్మాయి. జపాన్‌లోని ట్రిగ్గర్ స్టూడియో తీసిన ‘లిటిల్ విచ్ అకాడెమియా’ యానిమేషన్ సీరీస్‌లో కోట ఉంది, టోపీలు ఉన్నాయి, చీపుర్లూ ఉన్నాయి. దాగి ఉన్న ఆ మహాశక్తి మాత్రం ఎంత వెతికినా కనిపించదు. అది ఎప్పుడు బయటపడుతుందా అని ఎదురుచూస్తూ కూర్చున్నవారు మూడు నాలుగు ఎపిసోడ్లు గడిచేసరికి విసుగుపడి ఆపేస్తారు. మొదటిసారి నేను చేసిన పనీ అదే. చాలా రోజుల తర్వాత మరేదో చూద్దామని కూర్చుని, అనుకోకుండా మళ్లీ ఇందులో పడి, ఈసారి చివరిదాకా వదల్లేకపోయాను. ఈలోగా సీరీస్ మారలేదు కాబట్టి, మారింది నేను చూసిన తీరే అయి ఉండాలి. ఆ తీరు ఏమిటో, కథలోని పెద్ద మలుపులను బయటపెట్టకుండా, ఇక్కడ వివరిస్తాను.

దేనితో మొదలుపెట్టాలి

ఈ పేరుతో మూడు యానిమేషన్ చిత్రణలు ఉన్నాయి. 2013లో వచ్చిన సుమారు 26 నిమిషాల చిన్న చిత్రం మొదటిది. దాని కొనసాగింపుగా 2015లో వచ్చిన ‘ది ఎన్‌చాంటెడ్ పరేడ్’ రెండవది. దాని నిడివి 55 నిమిషాల దాకా ఉంటుంది. 2017 జనవరి నుంచి జూన్ వరకు జపాన్ టీవీలో ప్రసారమైన 25 ఎపిసోడ్ల సీరీస్ మూడవది. జపాన్ వెలుపల దీనిని నెట్‌ఫ్లిక్స్ అదే ఏడాది జూన్ చివర్లో 13 ఎపిసోడ్లుగా, ఆగస్టులో మిగిలిన 12 ఎపిసోడ్లుగా విడుదల చేసింది. మూడింటికీ దర్శకుడు యో యోషినారి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. టీవీ సీరీస్ ఆ రెండు చిత్రాలకు తరువాయి భాగం కాదు. పాత్రలను అలాగే ఉంచి, కథను మళ్లీ మొదటి నుంచి చెబుతుంది. ఈ సంగతి తెలియకుండా వరసగా చూసినవారు, చిన్న చిత్రంలో అప్పటికే దొరికిన మంత్రదండం టీవీ సీరీస్‌లో మళ్లీ కొత్తగా దొరకడం చూసి తికమక పడతారు.

నా సలహా ఇది. ముందు 2013 నాటి చిన్న చిత్రం చూడండి. అరగంట కూడా పట్టదు. ఈ లోకం మీకు సరిపడుతుందో లేదో దానితోనే తెలిసిపోతుంది. ఆ తర్వాత టీవీ సీరీస్‌లో 13వ ఎపిసోడ్ దాకా వెళ్లి, అక్కడ ఆగి, విరామంలో ‘ఎన్‌చాంటెడ్ పరేడ్’ చూడండి. ఆ చిత్రంలో స్నేహితురాళ్ల మధ్య ఒక తగువు వస్తుంది. వాళ్లతో కొన్ని గంటలు గడిపినవారికే అది మనసుకు తగులుతుంది, కొత్తగా వచ్చినవారికి అది ఎవరో పిల్లల గొడవగా మిగిలిపోతుంది. పెద్ద తెర కోసం తీసినది కాబట్టి అదే బాగుంటుందనుకుని దానితో మొదలుపెట్టడం చాలామంది చేసే పొరపాటు.

చిన్న చిత్రం పుట్టుక గురించి కొంచెం తెలుసుకుని కూర్చుంటే మంచిది, ఎందుకంటే సీరీస్ ఆకర్షణకు తాళంచెవి నా లెక్కన అక్కడే ఉంది. జపాన్ యానిమేషన్ రంగంలో కింది స్థాయి బొమ్మల పని చాలావరకు విదేశాలకు తరలిపోవడంతో, కొత్తగా వచ్చే చిత్రకారులు పనిచేస్తూ నేర్చుకునే అవకాశం స్వదేశంలో తగ్గిపోయింది. దాన్ని సరిదిద్దడానికి ఆ దేశ సాంస్కృతిక వ్యవహారాల సంస్థ ‘అనిమే మిరాయ్’ అనే పథకానికి నిధులిచ్చింది. ఎంపికైన స్టూడియోలు, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో యువ యానిమేటర్లతో ఒక్కొక్క చిన్న చిత్రం చేయించాలి. గైనాక్స్ స్టూడియో నుంచి బయటికి వచ్చిన హిరోయుకి ఇమాయిషి, మసాహికో ఒత్సుకా 2011లో స్థాపించిన ట్రిగ్గర్, ఆ పథకం కింద 2013లో చేసిన చిత్రమే ఇది. అంటే పని నేర్చుకుంటున్నవారు గీసిన, పని నేర్చుకుంటున్న అమ్మాయి కథ. ఆ ఏడాదే దాన్ని యూట్యూబ్‌లో ఇంగ్లీషు ఉపశీర్షికలతో పెట్టారు. రెండో చిత్రం నిడివి పెంచడం కోసం, జనం నుంచి చందాలు సేకరించే కిక్‌స్టార్టర్ వెబ్‌సైట్‌లో 1,50,000 డాలర్లు అడిగితే, దాదాపు 8,000 మంది కలిసి 6,25,000 డాలర్లకు పైగా ఇచ్చారు. టీవీ సీరీస్ ఆ ఊపు మీదే వచ్చింది.

అక్కో చీపురును గమనించండి

కథానాయిక పేరు అత్సుకో కగారి. అందరూ అక్కో అంటారు. తెలుగు చెవికి ఇది వీధి చివర నుంచి ఎవరో అక్కను కేకేసినట్టు వినిపిస్తుంది కానీ, రెండు ఎపిసోడ్లలో అలవాటైపోతుంది. ఆమె మంత్రగత్తెల ఇంట పుట్టలేదు. చిన్నతనంలో షైనీ చారియట్ అనే మంత్రగత్తె ఇచ్చిన ప్రదర్శన చూసి, అలా కావాలని పట్టుబట్టి, లూనా నోవా అనే బడిలో చేరుతుంది. ఆ బడికి మంచి రోజులు పోయాయి. మంత్రవిద్యకు బయటి లోకంలో గిరాకీ తగ్గింది, బడిలో చేరేవారు కరవయ్యారు. అందుకే సామాన్య కుటుంబాల పిల్లలకు తలుపులు తెరిచారు, అక్కో లోపలికి రాగలిగింది.

ఇప్పుడు చీపురు సంగతికి వద్దాం. బడిలో అందరికీ వచ్చిన కనీస విద్య చీపురు మీద ఎగరడం. అక్కో చీపురును కాళ్ల మధ్య పెట్టుకుని, మోకాళ్లు వంచి, పళ్లు బిగించి, ‘టియా ఫ్రేరే’ అని గొంతు చించుకుని అరుస్తుంది. పక్కనున్నవారు మెల్లగా గాలిలోకి లేస్తారు. ఆమె ఒక గెంతు గెంతి, ఒక్క క్షణం గాలిలో ఉండి, మళ్లీ అదే చోట నేల మీద దిగుతుంది. మళ్లీ అరుస్తుంది, మళ్లీ గెంతుతుంది. సీరీస్ పొడవునా ఈ గెంతు ఎన్నిసార్లు వస్తుందో నేను లెక్కపెట్టలేదు. మొదట్లో అది నవ్వు పుట్టించడానికి పెట్టినట్టు ఉంటుంది. పదో ఎపిసోడ్ దాటాక నవ్వు రావడం తగ్గి, ఇంకా ఎందుకు రావడం లేదన్న ప్రశ్న మొదలవుతుంది. ఆ ప్రశ్నకు కథలో జవాబు ఉంది, దాన్ని నేను చెప్పను. మీరు చేయవలసింది ఒక్కటే: ఆ గెంతు వచ్చిన ప్రతిసారీ దాన్ని హాస్యపు తునకగా దాటేయకుండా, ఆమె ముఖంలో ఏముందో ఒక క్షణం చూడండి.

మూడో ఎపిసోడ్‌లో చీపుర్ల పందెం ఉంటుంది. షూటింగ్ స్టార్ అనే మొండి చీపురు అక్కో చేతికి చిక్కి, ఆమెను ఆకాశమంతా ఈడ్చుకుపోతుంది. సాధారణంగా ఇలాంటి కథల్లో నాయికకు దశ తిరిగేది ఈ ఘట్టంలోనే. ఇక్కడ ఎగిరింది చీపురు, అక్కో దాన్ని పట్టుకుని వేలాడింది, అంతే. మర్నాటికి ఆమె మళ్లీ నేల మీదే ఉంటుంది. మొదటిసారి నేను ఆపేసింది ఈ ఎపిసోడ్ తర్వాతే అని సిగ్గు విడిచి ఒప్పుకుంటున్నాను. ఇంత హడావుడి చేసి ఏమీ నేర్చుకోలేదేమిటని చిరాకు వేసింది. రచయితలు నా కంటే ఓపికగలవారని తర్వాత అర్థమైంది.

ఆమెకు దొరికే షైనీ రాడ్ అనే మంత్రదండం విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. మొదటి ఎపిసోడ్‌లోనే ఆర్క్‌టురస్ అడవిలో అది ఆమె చేతికి వస్తుంది కాబట్టి, విధి ఎంచుకున్న అమ్మాయి కథ అని పొరబడే అవకాశం ఎక్కువ. అయితే ఆ దండం పలకాల్సిన ఏడు మాటలకు మాత్రమే లోబడుతుంది; ఒక్కొక్క మాటా అక్కో ఏదో ఒకటి గ్రహించిన తర్వాతే మేలుకుంటుంది. మిగిలిన వేళల్లో అది ఒట్టి కర్రతో సమానం. పరీక్షల్లో ఆమెను గట్టెక్కించదు, చీపురు మీద కూర్చోబెట్టదు.

నేను రెండోసారి చూస్తున్నప్పుడు పాటించిన చిన్న పద్ధతి ఒకటి ఇక్కడ చెప్పాలి. ప్రతి ఎపిసోడ్ ముగిశాక, మొదలులో అక్కోకు చేతకాని ఏ పని ఇప్పుడు చేతనవుతోందో ఒక్క వాక్యంలో రాసుకునేవాడిని. చాలా ఎపిసోడ్లకు ఏమీ రాయలేకపోయాను. కొన్నింటికి ‘రూపం మార్చే మంత్రం సగం పట్టుబడింది’ లాంటి మాటలు రాశాను. ఆ మంత్రం మొదట్లో వంకరటింకరగా పనిచేస్తుంది. ఉర్సులా అనే ఉపాధ్యాయురాలు దగ్గర కూర్చుని సాధన చేయిస్తుంది. 13వ ఎపిసోడ్‌లో, సాంహెయిన్ పండుగ నాడు, అందరూ తప్పించుకోవాలని చూసే బలి పాత్ర అక్కోకు, ఆమె స్నేహితురాళ్లకు అంటగడతారు. దుఃఖంలో మునిగి ఉన్న ఒక ప్రేతం ముందు నిలబడి, తనకు వచ్చిన ఆ ఒక్క మంత్రంతోనే ఆమె ఒక ప్రదర్శన ఇస్తుంది. పన్నెండు ఎపిసోడ్ల పాటు ఇలా రాసుకుంటూ వచ్చినవారికి ఆ ప్రదర్శన ఎన్ని గంటల సాధన నుంచి వచ్చిందో తెలుసు. ఆ రాత్రి ఉత్తమ మంత్రగత్తె బిరుదు ఆమెకు దక్కదని కూడా ముందే చెప్పడం వల్ల నష్టం లేదు. బిరుదు బడిలో చదువులో మొదటిదైన డయానాకే వెళుతుంది; అలా వెళ్లడమే న్యాయం.

డయానాను శత్రువుగా చూడకండి

డయానా కావెండిష్ పెద్దింటి పిల్ల, చదువులో మొదటిది, మాట తీరులో చల్లదనం, నిలబడితే వెన్ను వంగదు. ఇంత చెప్పగానే ప్రతినాయిక అని ముద్ర వేయాలనిపిస్తుంది, ఆమె వెనక తిరిగే ఇద్దరు స్నేహితురాళ్లు ఆ అనుమానాన్ని పెంచుతారు కూడా. ఆ ముద్ర వేస్తే సీరీస్‌లోని సగం అందం చేజారుతుంది.

రెండో ఎపిసోడ్‌ను నిదానంగా చూడండి. బడి ఆవరణలోని ఒక పురాతన వృక్షం నీరసిస్తుంది. డయానా శాస్త్రోక్తంగా చికిత్స మొదలుపెడుతుంది. చెట్టుకు పట్టినవి చీడపురుగులు కావని, 120 ఏళ్లకొకసారి రెక్కలు విప్పే సీతాకోకచిలుకల గూళ్లని అక్కో పసిగడుతుంది. పుస్తకాలు చదివి కాదు. చిన్నప్పటి నుంచి దాచుకున్న షైనీ చారియట్ బొమ్మల కార్డుల్లో ఒకదాని వల్ల. చారియట్ అంటే చవకబారు గారడీ అని బడిలో అందరూ ఈసడించుకుంటున్న వేళ, ఆ గారడీ అభిమానమే చెట్టు రహస్యాన్ని విప్పుతుంది. ఇక్కడ అక్కో గెలుపు కంటే, కార్డు గురించి మాట వచ్చినప్పుడు డయానా ముఖాన్ని చూడండి. ఎందుకు చూడమన్నానో చివరి ఎపిసోడ్ల దగ్గర మీకే తెలుస్తుంది.

లాట్టే యాన్సన్, సూసీ మన్‌బవారన్ అక్కో గదిలో ఉండేవారు. ఫిన్లాండ్ నుంచి వచ్చిన లాట్టే, వస్తువుల్లోని ఆత్మలతో మాట్లాడగలదు. మెత్తని మనిషి, పుస్తకాల పిచ్చిది. నాలుగో ఎపిసోడ్ ఆమెది. ఆమె ఆరాధించే నవలల వరసకు తరువాతి రచయిత్రివి నువ్వే అని కలం చేతికి అందిస్తే, వద్దంటుంది. ఆమె చదవడాన్నే ప్రేమించింది. సృష్టించేవారిని మాత్రమే గొప్పవారిగా చూపే కథల మధ్య, పాఠకురాలిగా ఉండిపోవడాన్ని ఇంత గౌరవంగా చూపిన కథ నాకు అరుదుగా తగిలింది. సూసీ సంగతి వేరు. విషాలు, పుట్టగొడుగులు, వాటిని అక్కో మీద ప్రయోగించడం ఆమె కాలక్షేపం. మొదటి ఎపిసోడ్‌లోనే అక్కోను ఒక భయంకర జీవికి ఎరగా వేస్తుంది. ఆమెకు స్నేహం తెలియదని తొందరపడి తీర్మానించకుండా, ఆమె ఎప్పుడు ఎవరి పక్కన కూర్చుంటుందో గమనిస్తే చాలు. మాటల్లో చెప్పని సంగతి అక్కడ దొరుకుతుంది.

ఉపాధ్యాయురాలు ఉర్సులా గురించి ఒక్కమాట. కళ్లజోడు, తడబాటు, మెట్ల మీద కాలు జారడం లాంటివి చూసి ఆమెను నవ్వుకోవడానికి పెట్టిన పాత్ర అనుకోవచ్చు. ఆమె ఎవరో ప్రేక్షకులు త్వరగానే ఊహిస్తారు. అక్కోకు మాత్రం చాలా కాలం తెలియదు. ఆ ఎడం ఉన్నంతసేపూ అక్కో మాట్లాడుతున్నప్పుడు మీ చూపు ఉర్సులా మీద ఉండాలి.

బొమ్మలను చదవడం

కథ తెలుసుకోవడానికే చూసేవారికి ఈ సీరీస్ సగమే అందుతుంది. యోషినారి ప్రధానంగా యానిమేటర్. గైనాక్స్‌లో ఏళ్ల తరబడి బొమ్మలు గీసిన చెయ్యి అది. అందుకే ఇక్కడ పాత్ర స్వభావం ముందు ఒంటి కదలికలో కనిపిస్తుంది, ఆ తర్వాతే మాటల్లో. దీన్ని పట్టుకోవడానికి సులువైన ఉపాయం ఉంది: మీకు నచ్చిన ఒక దృశ్యాన్ని శబ్దం పూర్తిగా తీసేసి మళ్లీ చూడండి. అక్కో కదిలితే ఒళ్లంతా కదులుతుంది; చెయ్యి ఎత్తితే భుజం, భుజంతోపాటు జుట్టు, జుట్టు వెనకే టోపీ. డయానా తల తిప్పితే తల ఒక్కటే తిరుగుతుంది. సూసీ ఒక కన్ను జుట్టు చాటున ఉంటుంది, రెండోది సగం మూసుకునే ఉంటుంది. ఆమె నవ్వడానికి పెదవి చివర కొంచెం వంపు చాలు, వాడి పళ్లు కనబడితే ఎవరికో మూడిందని అర్థం. లాట్టే నడుస్తున్నప్పుడు మోచేతులు ఒంటికి అంటుకునే ఉంటాయి.

కంగారు, భయం, ఆనందం వచ్చినప్పుడు ముఖాలు పాత కార్టూన్లలోలా సాగుతాయి, నలుగుతాయి, మళ్లీ ఆకారానికి వస్తాయి. పరుగు దృశ్యాల దగ్గర ఆపి ఒక్కొక్క బొమ్మనే ముందుకు జరిపి చూస్తే, విడిగా చూడటానికి వికృతంగా ఉన్న బొమ్మలు కదలికలో ఎంత సహజంగా కలిసిపోతాయో తెలుస్తుంది. అది తప్పుగా గీసిన బొమ్మ కాదు, వేగాన్ని గీసిన బొమ్మ. ఇలా ఒక్క దృశ్యాన్ని ఐదు నిమిషాలు విప్పి చూశాక, అక్కో గెంతుకూ యువ యానిమేటర్ల శిక్షణ పథకానికీ ఉన్న బంధుత్వం నాకు బోధపడింది. గిరాకీ తగ్గిపోతున్న ఒక చేతివిద్యను, ఇది ఎవరికి కావాలి అని లోకం అడుగుతున్నప్పుడు, ఇష్టం కొద్దీ నేర్చుకునేవారి కథ తెర మీదా ఉంది, తెర వెనకా ఉంది. దర్శకుడు అలా ఉద్దేశించాడని నేను వాదించడం లేదు. చూస్తుంటే అలా కనిపించకుండా ఉండదు.

ఈ దృష్టితో చూడటానికి ఎనిమిదో ఎపిసోడ్ పండుగ లాంటిది. తన మందు తానే తాగి నిద్రలోకి జారిన సూసీని లేపడానికి అక్కో ఆమె కలలోకి వెళుతుంది. అక్కడ సూసీ మనసులో పుట్టి, సూసీకి వద్దనిపించిన రకరకాల సూసీలను వరసగా విచారించి శిక్ష వేస్తుంటారు. అక్కో ఊరుకోలేక వారిని విడిపిస్తుంది, అక్కడి నుంచి అంతా అదుపు తప్పుతుంది. గీత మారుతుంది, రంగులు మారుతాయి, ఒక్కో గది ఒక్కో రకం చిత్రంలా ఉంటుంది. కథ పరంగా ఈ ఎపిసోడ్ లేకపోయినా సీరీస్ నడుస్తుంది. నాకు మాత్రం 25లో ఒక్కటే ఉంచుకోమంటే ఇదే ఉంచుకుంటాను.

మిచిరు ఓషిమా సమకూర్చిన వాద్యబృంద సంగీతం గురించి వివరించే శక్తి నాకు లేదు. కాస్త మంచి స్పీకర్లు పెట్టుకుని వినండి.

రోజుకు ఎన్ని

ఒక్కో ఎపిసోడ్ 24 నిమిషాల దాకా ఉంటుంది కాబట్టి మొత్తం పది గంటలు. సెలవు రోజున కూర్చుంటే అయిపోతుంది, అలా చూడవద్దు. మొదటి 13 ఎపిసోడ్లలో చాలావరకు విడివిడి కథలు. ఐదో ఎపిసోడ్‌లో ఫాఫ్నిర్ అనే డ్రాగన్ కంప్యూటర్ ముందు కూర్చుని షేర్ల వ్యాపారం చేస్తుంటుంది. బడికి దానితో తరాల నాటి అప్పు ఉంది, ఆ పత్రం డ్రాగన్ల లిపిలో ఉంది, దాన్ని చదవగలిగింది డయానా ఒక్కతే. ఇటువంటి కథలను ఒకదాని వెంట ఒకటి మింగితే అన్నీ ఒకే రుచి అనిపించి విసుగు పుడుతుంది. రోజుకు ఒకటి, మహా అయితే రెండు చాలు. మధ్యలో ఓపిక తగ్గి ఏవైనా వదిలేయాలనిపిస్తే వదిలేయండి కానీ, ఆరో ఎపిసోడ్‌ను వదలకండి. పొలారిస్ ఊట దగ్గర అక్కో తన ఆరాధ్య మంత్రగత్తె గురించి తెలుసుకునే సంగతి తర్వాతి కథకు పునాది.

14వ ఎపిసోడ్ నుంచి పద్ధతి మారుతుంది. క్రోవా అనే కొత్త ఉపాధ్యాయురాలు యంత్రాలతో నడిచే కొత్త మంత్రవిద్యను బడికి తెస్తుంది, విడి కథలు ఒక పెద్ద కథలోకి చేరతాయి. ఇక్కడి నుంచి రెండు మూడు కలిపి చూడవచ్చు, చివరి నాలుగింటిని ఒకే సాయంత్రం చూడటమే మేలు. ఈ రెండో సగం మీద నాకొక ఫిర్యాదు ఉంది. బయటి లోకపు రాజకీయాలు, దేశాల మధ్య ఉద్రిక్తత కథలోకి హడావుడిగా వచ్చి పడతాయి; వాటిని నమ్మించడానికి కావలసిన సమయం రచయితలు తీసుకోలేదు. అంతకుముందు ఒక చీపురు గెంతుకు చూపిన ఓపికలో పదో వంతు ఇక్కడ చూపి ఉంటే బాగుండేది. ఆ భాగాలను పైపైన చూసి, అక్కో, ఉర్సులా, డయానా ముగ్గురి మధ్య జరిగేదాని మీద మనసు పెడితే లోటు పెద్దగా తెలియదు. మధ్యలో వచ్చే 16వ ఎపిసోడ్ లాట్టే సొంతూరిని, 18వది మాట్లాడటమే ఇష్టం లేని కాన్‌స్టాంజెను దగ్గరగా చూపిస్తాయి. యంత్రాలు బిగించడం తప్ప మరో లోకం తెలియని ఆ అమ్మాయిని మాటలు లేకుండా నవ్వించిన తీరు చూడదగ్గది.

భాష, పిల్లలు

చదవడంలో వేగం ఉన్నవారు జపనీస్ మాటలతో, ఉపశీర్షికలతో చూడటం మంచిది. అక్కోకు గొంతునిచ్చిన మెగుమి హాన్ అరుపులో ఉత్సాహం, రోషం, ఏడుపు కలిసి ఉంటాయి. మంత్రం పారనప్పుడు ఆమె గొంతు చివర్లో చీలే తీరు ఆ పాత్రలో సగం. అయితే ఉపశీర్షికల మీద కళ్లుంటే బొమ్మల మీద ఉండవు. ఇంగ్లీషు బాగా వచ్చినవారు రెండోసారి చూస్తున్నప్పుడు ఎరికా మెండెజ్ అక్కోగా మాట్లాడిన ఇంగ్లీషు మాటలు పెట్టుకుని, చూపును పూర్తిగా బొమ్మలకు ఇవ్వవచ్చు.

పిల్లలతో చూసేవారికి భయపడవలసినది పెద్దగా లేదు. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలు హాయిగా చూస్తారు. సూసీ విషప్రయోగాలు, కలలోని శిక్షలు హాస్యంగానే ఉన్నా, పక్కన ఒక పెద్దవారు ఉంటే మేలు. చివరి మూడో వంతులో అక్కో బాగా కుంగిపోయే ఘట్టాలు వస్తాయి. అక్కడ పిల్లలు, “ఆమెకు ఎప్పటికీ రాదా?” అని అడిగే అవకాశం ఉంది. వస్తుందిలే అని అప్పటికప్పుడు ఊరడించకుండా, తరువాతి ఎపిసోడ్ పెట్టండి.

ఒకే ఒక్క ఎపిసోడ్ చూపించి ఎవరినైనా ఇందులోకి లాగాలనుకుంటే, ఆ మనిషిని బట్టి ఎంచుకోండి. బొమ్మలు వేసేవారికి ఎనిమిదోది, పుస్తకాలు చదివేవారికి నాలుగోది, ఇలాంటి వాటికి మాకు తీరిక లేదనే పెద్దవారికి డ్రాగన్ అప్పు పత్రం ఉన్న ఐదోది. మొదటిది మాత్రం చూపించకండి. అది ఈ సీరీస్‌లోకెల్లా మామూలు కథలా కనిపించే ఎపిసోడ్.

అంతా చూశాక ఆ మొదటి ఎపిసోడ్‌కు మీరు ఒక్కరే తిరిగి వెళ్లండి. చిన్నారి అక్కో జనం మధ్య నిలబడి చారియట్ ప్రదర్శన చూసే ఘట్టంతో అది మొదలవుతుంది: చీకటి, ఒక్కసారిగా వెలుగు, నోరు తెరిచి చూస్తున్న పిల్ల. మొదటిసారి మీరు చూసింది ఆ పిల్లనే. ఈసారి ఆమెను వదిలేసి, వెలుగు మధ్యలో నిలబడ్డ చారియట్‌ను చూడండి.